చూరు ఎంత ఉండాలి?

కోనసీమ ఇల్లనగానే మండువా లోగిలి గుర్తొస్తుంది. కానీ కాట్రేనికోన మండలంలోనే పల్లం, బలుసుతిప్ప లాంటి తీరగ్రామాల్లో ఎన్నో కుటుంబాలవి ఒకటి రెండు గదుల ఇళ్లే. వంటా, పడకా, పిల్లల చదువూ, వలలూ అన్నీ అందులోనే!

2020లో రాష్ట్ర ప్రభుత్వం ఊళ్లలో పేదలకిచ్చిన స్థలం సెంటున్నర, అంటే దాదాపు 72 గజాలు. అందులో ఇల్లు 340 చదరపు అడుగులు. అంత ఇంట్లో బీరువా పెడితే మనిషికి చోటుండదు. గోడలోనే గూళ్లు వదిలితే ఆ బాధ తప్పుతుంది. తలుపు పైన అటక వేస్తే పెద్ద గిన్నెలు, కొబ్బరికాయలు పైకి పోతాయి. అన్నిటికంటే మిన్న అరుగు. గోడల ఖర్చు లేకుండా వచ్చే గది అది.

అరుగుకు నీడ కావాలి. నీడ కోసం చూరు బయటకు చాచాలి. చిక్కంతా ఇక్కడే. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు వెయ్యి మందికి పైగా చనిపోయారు. పెనుగాలి కప్పును కిందికి నొక్కడం కంటే పైకి లాగడమే ఎక్కువ. పొడవాటి చూరు దానికి పట్టు దొరికినట్టే. అందుకే తుపాను ప్రాంతాల్లో చూరు అడుగున్నర దాటకపోవడమే మంచిదంటారు ఇంజినీర్లు.

అలాగని అరుగు మానుకోనక్కర్లేదు. వసారా కప్పును ఇంటి కప్పుతో కలపకుండా, కాస్త కిందుగా, వేరే స్తంభాల మీద వేసుకోవాలి. గాలికి అది ఎగిరిపోయినా ఇంటి కప్పు మిగులుతుంది. పోయిన నాలుగు రేకులో, తాటాకులో మళ్లీ వేసుకోవచ్చు.

పెంకుటిల్లయితే వాలు 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. రెండు వాలుల కంటే నాలుగు వాలుల కప్పు గట్టిది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లు కట్టినవాళ్లు డిగ్రీలు కొలిచి ఉండరు. అయినా గుండ్రటి గోడకు మూలల్లేవు, గాలి పక్కలకు జారిపోతుంది. చూరు బాగా కిందికి దిగి ఉంటుంది కాబట్టి దాని అడుగున గాలి దూరే సందూ తక్కువే.

స్లాబు ఇంటికి ఎగిరిపోయే భయం లేదు కానీ, ఉప్పునీటితో కాంక్రీటు కలిపితే లోపలి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. డాబా మీదికి మెట్లు మాత్రం బయటి నుంచే కట్టించుకోవాలి. ఉప్పెన వచ్చిన రాత్రి ఇరుగుపొరుగు ఎక్కాల్సిందీ ఆ మెట్లే.