మా ఊరి పిల్లాడికి మృదంగం పీరియడ్ కావాలి

సంక్రాంతికి చింతలపూడి వెళ్ళాను. భోగి రోజు మధ్యాహ్నం మా అక్క వంటింట్లోంచే కేకేసింది. "ఒరేయ్, నీకు కంప్యూటర్లో అన్నీ దొరుకుతాయి కదా, వీడికి మృదంగం నేర్పించాలంటే ఎక్కడ చేర్పించాలో చూసిపెట్టరా."

వీడంటే మా మేనల్లుడు. ఆరో తరగతి. వాడి చేతికి దొరికిన ప్రతిదీ మోగుతుంది. బిందె, బల్ల, బైకు ట్యాంకు, ఆఖరికి నా లాప్‌టాప్ మూత. ఊరికే బాదడం కాదండోయ్, టీవీలో ఏ పాట వస్తే దానికి దెబ్బ తప్పకుండా పడుతుంది. పాట ఆగిపోయినా వాడి తాళం ఆగదు.

మా బావ పేపర్లోంచి తలెత్తకుండానే తేల్చేశాడు. "మృదంగం గిదంగం ఎందుకయ్యా బావమరిదీ, వచ్చే ఏడు ఐఐటీ ఫౌండేషన్లో వేస్తున్నాం. అక్కడ వీడు వాయించక్కర్లేదు, వాళ్ళే వీపు వాయిస్తారు."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. రాత్రి పడుకున్నాక ఎందుకో సిగ్గేసింది. లేచి వెతకడం మొదలుపెట్టాను. ఈ టపా ఆ వెతుకులాట ఫలితం. కొంచెం కోపంగా ఉంటుంది, సర్దుకుపోండి.

ముందు దొరికింది ప్రభుత్వ సంగీత కళాశాలల కోర్సు. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, నాదస్వరం, డోలు, నాట్యం... అన్ని చోట్లా అన్నీ ఉండవు గానీ పద్ధతి మాత్రం ఒకటే. నాలుగేళ్ళు సర్టిఫికెట్, ఆ పైన రెండేళ్ళు డిప్లొమా. సిలబస్ ఉంది, పరీక్ష ఉంది, చేతికి ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం వస్తుంది. చాలా బావుంది. మాకు అందుబాటులో ఉన్నది ఎక్కడయ్యా అంటే విజయవాడలో, ఘంటసాల పేరు మీద ఉన్న కళాశాల. చింతలపూడి నుంచి ఏలూరు చేరడానికే బస్సులో గంటన్నర. అక్కడి నుంచి విజయవాడ ఇంకో అరవై కిలోమీటర్లు. పదకొండేళ్ళ పిల్లాడు బడి మానేసి వెళ్ళాలి, లేదా బడయ్యాక హెలికాప్టర్లో వెళ్ళాలి.

తర్వాత దొరికింది నవోదయ. మా పెదవేగిలోనే ఉంది. నవోదయ విద్యాలయాల్లో లెక్కల టీచరుకి ఉన్నట్టే సంగీతం టీచరుకీ పోస్టు ఉంటుంది. చూశారా, కేంద్ర ప్రభుత్వం తలుచుకుంటే పల్లెటూరి బడిలో కూడా సంగీతం టీచరు ఉండగలరు! కానీ అందులో ఆరో తరగతికి తీసుకునేది ఎక్కువలో ఎక్కువ 80 మందిని. అదీ మేధాశక్తి, లెక్కలు, భాషల్లో పరీక్ష పెట్టి. అంటే మృదంగం దగ్గరికి చేరాలన్నా ముందు కసాగులూ గసాభాలూ దాటుకుని వెళ్ళాలన్నమాట.

మూడోది సీబీయస్‌ఈ. పదో తరగతి సబ్జెక్టుల జాబితాలో కర్ణాటక సంగీతం మూడు రకాలుగా ఉంది: గాత్రం, స్వరవాద్యం, తాళవాద్యం. హిందుస్తానీలోనూ ఆ మూడే. మార్కులేసే సబ్జెక్టు. అయితే బడివాళ్ళు ఆ సబ్జెక్టు ఇస్తేనే కదా పిల్లాడు తీసుకునేది.

ఇక నేను చదువుకున్న హైస్కూలు సంగతి చెప్తాను. టైంటేబుల్లో శుక్రవారం ఆఖరి పీరియడ్ "సంగీతం / చిత్రలేఖనం" అని ఉండేది. ఐదేళ్ళలో ఆ పీరియడ్‌లో నేను నేర్చుకున్న రాగం ఒక్కటే, ఇంటికెళ్ళే గంట. మిగతా రోజుల్లో సైన్సు మేష్టారో లెక్కల మేష్టారో వచ్చి పోర్షన్ పూర్తిచేసేవారు. మా క్లాసులో ఒకడుండేవాడు, బెంచీ మీద వేళ్ళతో డోలు పలికించేవాడు. వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళకి డోలు వాయించేవాడు. వాడికి ఆ విద్యకి బహుమానంగా దొరికింది స్కేలు దెబ్బలు. పదో తరగతి లెక్కల్లో పోయింది, మళ్ళీ రాయలేదు. ఇప్పుడు బ్యాండు మేళంలో ఉన్నాడు. ఆ పెళ్ళిళ్ళకి మేము సూట్లేసుకుని వెళ్తాం. వాడు బయట పందిట్లో నిలబడి వాయిస్తాడు, ఆఖరి బంతిలో తింటాడు.

వాడికి రాని లెక్కలు మా అందరికీ వచ్చని కాదు. వాడికి వచ్చిన దానికి బడిలో మార్కుల్లేవు, అంతే తేడా.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. విద్యాహక్కు చట్టం, 2009. దాని చివర షెడ్యూలు చదవండి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకూ వంద మందికి మించి పిల్లలున్న బడిలో కళావిద్యకి పార్ట్‌టైం బోధకులు ఉండాలని రాసి ఉంది. వ్యాయామానికీ పనివిద్యకీ కూడా. 2010 ఏప్రిల్ 1 నుంచి చట్టం అమల్లో ఉంది. మీ ఊరి హైస్కూలుకి వెళ్ళి ఆ కళావిద్య బోధకులు ఎవరో చూపించమనండి. ప్రొడక్షన్‌లో లేని ఫీచర్‌ని యూజర్ మాన్యువల్లో రాసినట్టుంది ఈ వ్యవహారం. మనం అలా చేస్తే క్లయింటు ఊరుకుంటాడా?

ఇప్పుడు మనవాళ్ళు మామూలుగా అనే మాటలు. మా బావ అన్నవీ, నా ఆఫీసు మిత్రులు అన్నవీ కలిపి రాస్తున్నాను.

"సంగీతం గురుముఖతః నేర్చుకోవాలి, బడిలో పెడితే చచ్చిపోతుంది." అలాగా! విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఎస్టేటు ఉద్యోగి కొడుకు, చూపులేని ఒక కుర్రాడి కోసం మహారాజావారు పెట్టించారని చెప్తారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ చెప్పినది ద్వారం వెంకటస్వామినాయుడు. అందులో సంగీతమేమీ చచ్చిపోలేదే! కృష్ణాజిల్లా నుంచి వెళ్ళిన ఘంటసాల చేతి ఉంగరం అమ్ముకుని అక్కడికి చేరాడు, వారాలూ మధూకరమూ చేసుకుని బతికాడు, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నాడు. ఆ కథ చెప్పుకుని కళ్ళు తుడుచుకుంటాం గానీ, ఆ పిల్లాడు అడుక్కోకుండా చదువుకునే ఏర్పాటు మనం ఎందుకు చెయ్యలేదని అడగం. అడుక్కోవాల్సి రావడం గొప్పతనం కాదండీ, చూస్తూ ఊరుకున్నవాళ్ళ సిగ్గు.

"టాలెంటు ఉంటే అదే పైకొస్తుంది." వస్తుంది. మా ఏలూరు పక్కన సోమవరప్పాడులో 1926లో పుట్టిన వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ తొమ్మిదేళ్ళ వయసులో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేశాడు. చేశాక కాపురం మద్రాసుకి మారింది. కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడ్డారు, నాదస్వరానికి పాఠశాల కూడా అక్కడే పెట్టారు. పుట్టడం ఇక్కడ, పెరగడం అక్కడ. అమెరికా వెళ్ళిపోయిన ఐఐటీ వాళ్ళ గురించి బ్రెయిన్ డ్రెయిన్ అని గుండెలు బాదుకునే మనం దీని గురించి ఒక్కసారైనా మాట్లాడామా? పైగా ఇవి గెలిచినవాళ్ళ పేర్లు. గెలవనివాళ్ళు బ్యాండు మేళంలో ఉన్నారు.

"ముందు బడికి గోడలు, మరుగుదొడ్లు కట్టనీ, సంగీతం తర్వాత." ఇది కొంచెం బరువున్న వాదన, కాబట్టి జవాబు దూరం నుంచి తెస్తాను. న్యూయార్క్‌లో లాగార్డియా హైస్కూల్ అని ఉంది. జెర్సీలో ఉండే మనవాళ్ళకి తెలిసే ఉంటుంది. 1936లో ఆ నగర మేయర్ లాగార్డియా సంగీతానికీ చిత్రకళకీ ఒక హైస్కూలు పెట్టించాడు. 1948లో నాట్యం, నటనలకి ఇంకోటి వచ్చింది. 1984లో రెండూ ఒకే భవనంలోకి చేరాయి. ప్రభుత్వ బడి, ఫీజు లేదు. ఆడిషన్ ఇచ్చి చేరాలి. గాత్రమో వాద్యమో ఒకటి పట్టుకుని నాలుగేళ్ళు నేర్చుకుంటారు, స్వరలిపి చదవడం నేర్చుకుంటారు, దాంతోపాటే లెక్కలూ సైన్సూ చరిత్రా అందరిలాగే చదువుతారు. 1936 అంటే ఏమిటో గుర్తుందా? మహామాంద్యం. ఉద్యోగాల్లేక జనం రోడ్డున పడ్డ రోజులు. తర్వాత చూద్దాం అనడానికి అంతకంటే మంచి సాకు ఎవరికీ దొరకదు. ఆయన అనలేదు.

"సంగీతం కూడు పెడుతుందా?" మా ఊళ్ళో డోలు లేకుండా పెళ్ళి జరగదు. బ్యాండు లేకుండా ఊరేగింపు కదలదు. డప్పు లేకుండా జాతరా లేదు, శవం కూడా లేవదు. కీబోర్డు లేకుండా ఆదివారం ఆరాధన లేదు. గిరాకీ లేదని ఎవరన్నారు? వాయించేవాడికి మర్యాద లేదు, చేతిలో కాగితం లేదు. ఆ రెండూ ఇచ్చేది బడే కదా.

సరే, ఏం చెయ్యాలంటావు అంటారా? నేను కొత్త విశ్వవిద్యాలయం అడగట్లేదు. లెక్క చూడండి. సర్టిఫికెట్ నాలుగేళ్ళు: ఏడు నుంచి పది వరకూ. డిప్లొమా రెండేళ్ళు: ఇంటర్. కొలిచి కుట్టించినట్టు సరిపోయింది! సిలబస్ ప్రభుత్వానిదే, పరీక్ష ప్రభుత్వానిదే, బడీ ప్రభుత్వానిదే. రెండు శాఖలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, అంతే. మన భాషలో ఇది డెవలప్‌మెంట్ ప్రాజెక్టు కాదు, ఇంటిగ్రేషన్.

2022లో ఏలూరు జిల్లా కొత్తగా ఏర్పడింది. ఆ జిల్లాలో ఒక్క హైస్కూలు తీసుకోండి. ఏడాదికి నలభై మంది. హాస్టలు. పొద్దున్న రెండు పీరియడ్లు సంగీతం, మిగతాది మామూలు చదువు. చేర్చుకునేటప్పుడు వర్ణాలు పాడమనకండి, అలా అడిగితే మళ్ళీ ట్యూషన్ పెట్టించుకోగలిగిన పిల్లలే వస్తారు. చప్పట్లతో ఒక నడక వినిపించి తిరిగి కొట్టమనండి, ఒక స్వరం ఇచ్చి పలకమనండి, చాలు. వీణ పక్కన డోలూ, నాదస్వరం పక్కన డప్పూ, మృదంగం పక్కన తబలా, కీబోర్డూ ఉండాలి. అన్నిటికీ ఒకే గది, ఒకే మార్కులు. నేర్పడానికి డిప్లొమాలు పట్టుకుని ఖాళీగా ఉన్నవాళ్ళు దొరుకుతారు. మా డోలు వాయించే పెద్దాయనలాంటి వాళ్ళని కూడా జీతమిచ్చి పిలవండి. కొడుకుని స్కేలుతో కొట్టిన బడిలోకి తండ్రి మేష్టారుగా రావాలి.

ఆఖరుగా మన గురించి. మనం వీకెండ్లో పిల్లల్ని కారెక్కించుకుని పాట క్లాసుకి తీసుకెళ్తాం, ఆన్‌లైన్లో చెన్నై మేష్టారికి గంటకింతని కడతాం, అన్నమయ్య కీర్తనలు ఫార్వర్డ్ చేస్తాం. మన పిల్లలకి సంగీతం కావాలి, ఊళ్ళో పిల్లలకి మాత్రం ఫౌండేషన్ చాలు! ఇందులో నేనూ ఉన్నాను. కొనుక్కోగలిగినవాడికే సంగీతం అయితే అది కళ కాదు, సబ్‌స్క్రిప్షన్. మనం చదివిన బడికి ఏటా కంప్యూటర్లు ఇచ్చి ఫొటోలు దిగుతున్నాం కదా, ఈసారి ఒక ఏడాది మృదంగం మేష్టారి జీతం ఇద్దాం. ఇచ్చి ఊరుకోకుండా, రెండో ఏడాది నుంచి మీరే ఇవ్వండని ప్రభుత్వాన్ని వదలకుండా అడుగుదాం.

తా.క.: మా అక్క నిన్న ఫోన్ చేసింది. మేనల్లుడు ఆదివారాలు స్నేహితుడితో కలిసి చర్చికి వెళ్తున్నాడట. అక్కడ రిథమ్ ప్యాడ్ ఉంది, ముట్టుకోనిస్తారు, తప్పు కొడితే సరిదిద్దుతారు. బావ గోల పెడుతున్నాడట, "వీడు మతం మారిపోతాడేమో" అని. నేను చెప్పాను, "బావా, నీకంత భయంగా ఉంటే బడిలో మృదంగం పెట్టమని అడుగు, ఆదివారం ఇంట్లోనే ఉంటాడు" అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఎవర్ని అడగాలయ్యా?" అన్నాడు.

అర్జీ రాస్తున్నాను. మొదటి సంతకం బావదే.