చూపు మసకబారితే మౌనం వద్దు

పట్టు మగ్గాల ఊరు ధర్మవరం. రంగుల మధ్య పెరిగిన ఒక పాతికేళ్ల అమ్మాయి, “అమ్మీ, కుడి కంటితో చూస్తే ఈ ఎరుపు వెలిసిపోయినట్లుంది” అన్నదనుకుందాం. కన్ను కదిపితే లోపల నొప్పి. అద్దాలు మార్చినా ఫలితం లేదు. కొన్ని వారాలకు చూపు చాలావరకు తేరుకుంది. ఇంతలో ఎవరో ఫోనులో వెదికి ‘మల్టిపుల్ స్క్లెరోసిస్’ అన్న పేరు చెప్పారు. ఆ రాత్రి నుండి ఇంట్లో నిద్ర లేదు.

ఇటువంటప్పుడు మనం సాధారణంగా రెండు పొరపాట్లలో ఒకటి చేస్తాం. తగ్గింది కదా అని మరచిపోతాం. లేదా పేరు వినగానే అంతా ముగిసిందని కుమిలిపోతాం.

కంటి నుండి మెదడుకు వెళ్లే దృష్టి నాడికి వాపు వస్తే ఈ లక్షణాలు కనిపిస్తాయి. వైద్యులు దీనిని ఆప్టిక్ న్యూరైటిస్ అంటారు. నాడులను కప్పి ఉంచే మైలిన్ పొరను శరీర రక్షణ వ్యవస్థే పొరపాటున దెబ్బతీయడం దీనికి ముఖ్య కారణాలలో ఒకటి. జ్వరంలో, వేడినీటి స్నానంలో, మన ప్రాంతపు ఎండలో మసక కొంతసేపు పెరగవచ్చు. అదే దాడి మెదడులో, వెన్నుపాములో పలుచోట్ల జరిగితే మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎం.ఎస్. ఇది ఎక్కువగా 20–40 ఏళ్ల మధ్య, స్త్రీలలో అధికంగా మొదలవుతుంది. ఇది అంటువ్యాధి కాదు, దిష్టి అంతకన్నా కాదు.

దృష్టి నాడి వాపు వచ్చిన ప్రతివారికీ ఎం.ఎస్. రాదు. అమెరికాలో ఇటువంటి రోగులను 15 ఏళ్లు గమనించగా సుమారు సగం మందిలో అది బయటపడింది. మొదటి ఎం.ఆర్.ఐ.లో మెదడులో మచ్చలు లేనివారిలో నాలుగోవంతు మందికే వచ్చింది. బి12 లోపం, క్షయకు వాడే ఇథాంబ్యుటాల్ మందు, మరికొన్ని నాడీ వ్యాధులు కూడా చూపును దెబ్బతీయగలవు. ఏది కారణమో పరీక్షలే తేల్చాలి, ఫోను తేల్చలేదు.

కనుక చూపు హఠాత్తుగా తగ్గితే ఒకటి రెండు రోజుల్లోనే నేత్ర వైద్యుణ్ణి కలవాలి. అద్దాల దుకాణంతో సరిపెట్టుకోరాదు. వైద్యుడు సూచిస్తే నరాల నిపుణుణ్ణి చూడాలి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరు రైలు మార్గంలోనే ఉన్నాయి. అక్కడి నిమ్హాన్స్‌లో నరాల వ్యాధుల విభాగం ఉంది. మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ మాత్రలు వేసుకోవద్దు. పై పరిశీలనలోనే, సాధారణ మోతాదు మాత్రలు మాత్రమే వాడినవారిలో వాపు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. ఏ కన్ను, ఏ తేదీన, ఎన్ని రోజులు అన్నది రాసి ఉంచితే వైద్యునికి ఎంతో ఉపయోగం.

ఇక అన్నింటికన్నా బరువైన మాట. సంబంధాలు చెడిపోతాయని ఆడపిల్ల జబ్బును దాచే ఇళ్లు మనలో ఉన్నాయి. దాచడం వల్ల వైద్యం ఆలస్యమవుతుంది, పిల్ల ఒంటరిదవుతుంది. నికాహ్ నమ్మకం మీద నిలిచేది. దాచిపెట్టి కుదిర్చిన సంబంధంలో మొదట పగిలేది ఆ నమ్మకమే. అబ్బాయి తరఫువారూ ఆలోచించాలి: ఈ జబ్బు పెళ్లయ్యాక కోడలికో, కొడుక్కో కూడా రావచ్చు. ఎం.ఎస్. ఉన్న స్త్రీలు ఎందరో వైద్యుల సలహాతో తల్లులవుతున్నారు. జబ్బు తిరగబెట్టడాన్ని తగ్గించే మందులు నేడున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఎం.ఎస్. కూడా ఉంది.

స్వస్థత నిచ్చేవాడు అల్లాహ్. చికిత్సను వెదకడం మన బాధ్యత. దుఆ చేద్దాం, ఆసుపత్రికీ వెళదాం. ఫలితాల కోసం ఎదురుచూసే ఆ రోజుల్లో బిడ్డ పక్కన కూర్చుందాం.