చిల్లర అడిగితే చిల్లరా?

తెలుగులో "చిల్లర" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, నోటు ఇస్తే తిరిగి వచ్చే నాణేలు. రెండోది, తక్కువ రకం బుద్ధి. "చిల్లర వేషాలు వెయ్యకు" అని అమ్మ తిడితే అది నాణేల గురించి కాదు. ఈ రెండు అర్థాలు ఒకే మాటలో ఎందుకు ఇరుక్కున్నాయో నాకు నిఘంటువు చూస్తే తెలియలేదు. ఒక బిల్లు కౌంటరు దగ్గర తెలిసింది.

మేం ఉండేది రుమైథియాలో. ఆ రోజు పక్కనే ఉన్న సాల్మియాలో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాను. లైన్లో నా ముందు ఒకావిడ ఫోన్లో మాట్లాడుతోంది. యాస వింటే రాయలసీమ అనిపించింది. కువైట్ ఇళ్ళలో పని చేసేవాళ్ళలో కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఫోన్ పెట్టేశాక నేను తెలుగులో పలకరించాను. సంతోషపడింది.

ఆవిడ బిల్లు 2 దినార్ల 870 ఫిల్స్. కార్డు తీస్తుంటే క్యాషియర్ ఇంగ్లీషులో గబగబా ఏదో అడిగాడు. 3 దినార్లు చేసెయ్యనా, పైన ఉన్నది పేద పిల్లలకు పోతుంది అని. ఆవిడకు అర్థం కాలేదు. హిందీలో మళ్ళీ అడిగాడు. ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. నేను, నా వెనక ఇంకో ముగ్గురు ఉన్నాం. తల ఊపింది.

తర్వాత నా వంతు. నన్నూ అడిగాడు. నేనూ సరే అన్నాను. దయతో కాదు. ఆవిడ సరే అంది కదా, నేను వద్దంటే ఏం బాగుంటుంది అని.

బయట ఆవిడ నా కోసం ఆగింది. "ఏమడిగినాడు పాపా ఆ పిల్లోడు?" అంది. చెప్పాను.

"పేదోళ్ళకా? మంచిదే. నేను ఇంకేందో కట్టాలేమో అనుకుంటి. ఆ మాట తెలిసింటే నేనే ఇచ్చేదాన్ని గదా" అంది.

"నేనే ఇచ్చేదాన్ని గదా" అన్న ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆవిడ దగ్గర 130 ఫిల్స్ తీసుకున్నారు. కానీ ఆవిడ ఇవ్వలేదు.

130 ఫిల్స్ ఎంత? దినారుకు 1000 ఫిల్స్. కువైట్‌లో ఇంటి పనివాళ్ళకు కనీస జీతం నెలకు 60 దినార్లని 2016లో నిర్ణయించారు. అంటే రోజుకు 2 దినార్లు. 130 ఫిల్స్ అంటే ఆ రోజు జీతంలో దాదాపు పదిహేనో వంతు. మా నాన్న జీతానికి అది కనబడదు. ఒకే ప్రశ్న అందరినీ ఒకేలా అడుగుతారు కానీ, అది అందరి మీదా ఒకే బరువు వెయ్యదు.

ఇక్కడ మనం నేర్చుకోవాల్సిన మాట "మొహమాటం". ఇంకో భాషలో దీన్ని ఒక్క మాటలో చెప్పడానికి నేను చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. సిగ్గు కాదు, భయం కాదు, మర్యాద కూడా కాదు. ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో అని మన మనసులో ఉన్నది చెప్పలేకపోవడం. విస్తరిలో "ఇంకొంచెం" అని వడ్డిస్తుంటే వద్దనలేకపోవడం. కౌంటరు దగ్గర పనిచేసేది దయ కాదని, మొహమాటమని నా అభిప్రాయం. మన చిల్లర మనం అడిగితే చిల్లర మనిషి అనుకుంటారేమో అని భయం. మాటలో ఉన్న రెండో అర్థం మొదటి అర్థాన్ని జేబులోంచి లాగేస్తుంది.

పాత పద్ధతి కూడా మీకు తెలిసే ఉంటుంది. ఇండియా వెళ్ళినప్పుడు కిరాణా కొట్లో "చిల్లర లేదు" అని రెండు చాక్లెట్లు చేతిలో పెడతారు. నాకు కోపం వచ్చేది. ఇప్పుడు ఆలోచిస్తే, కనీసం ఆ చాక్లెట్ తిన్నది నేనే.

దుకాణాల తరఫున కూడా నిజం చెప్పాలి. మన బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తిరుగుతుంటుంది: మనం ఇచ్చిన చిల్లర చూపించి దుకాణాలు పన్ను తగ్గించుకుంటాయని. అమెరికాలో ఉన్న బంధువులు కూడా ఇదే నమ్ముతారు. అక్కడి నియమం అలా లేదు. దుకాణం కేవలం వసూలు చేసి అందిస్తుంది. ఆ దానం లెక్క కొన్నవాళ్ళది, దుకాణానిది కాదు. కువైట్‌లో అయితే మన జీతాల మీద ఆదాయపు పన్నే లేదు. కాబట్టి దుకాణం దొంగ అని నేను అనడం లేదు. చిన్న మొత్తాలు కలిస్తే పెద్దవి అవుతాయన్నదీ నిజమే. బ్రిటన్‌లో పెన్నీస్ అనే సంస్థ 2010 నుంచి ఇదే పని చేస్తోంది. కార్డు యంత్రం మీద ప్రశ్న వస్తుంది, ఇష్టమైతే ఒక బటన్ నొక్కుతారు. నోటితో అడగడం కంటే అది నయం. యంత్రం ముందు మనకు మొహమాటం తక్కువ.

ఇండియాలో 2023 నవంబరులో వినియోగదారుల కోసం కొన్ని మార్గదర్శకాలు వచ్చాయి. ఆన్‌లైన్లో మనల్ని మోసం చేసే 13 రకాల పద్ధతుల జాబితా అందులో ఉంది. మనల్ని అడగకుండా బిల్లులో విరాళం కలపడం కూడా వాటిలో ఒకటి. "మౌనం అర్ధాంగీకారం" అని తెలుగులో అంటారు. అంటే మాట్లాడకపోతే సగం ఒప్పుకున్నట్టే. విరాళం విషయంలో ఆ నియమం దాన్ని సగం కూడా కాదంటోంది. అది నాకు నచ్చింది. కానీ లైన్లో తల ఊపడం కూడా నిండు ఒప్పుకోలు కాదు. దానికి ఏ చట్టమూ లేదు, దుకాణానికే తెలియాలి.

అయితే పేదలకు ఇవ్వొద్దా? ఇవ్వాలి. ఎలా ఇవ్వాలో రుమైథియా వీధుల్లోనే కనబడుతుంది. కువైట్‌లో చాలా ఇళ్ళ గోడల బయట చల్లటి నీళ్ళ యంత్రం ఉంటుంది. అరబ్బీలో సబీల్ అంటారు. ఎండలో నడిచే ఎవరైనా తాగొచ్చు. మన ఊళ్ళలో వేసవిలో పెట్టే చలివేంద్రం లాంటిదే. నాకు తెలుగులో ఇష్టమైన మాటల్లో చలివేంద్రం ఒకటి. అక్కడ తాగేవాళ్ళ పేరు ఎవరూ అడగరు. పెట్టినవాళ్ళు పక్కన నిలబడి చూడరు. ఇద్దరి ముఖాలూ బాగానే ఉంటాయి. గుళ్ళో హుండీ కూడా అంతే. ఎంత వేశారో, అసలు వేశారో లేదో ఎవరికీ తెలియదు.

దుకాణానికి ఇవ్వాలని ఉంటే, తన లాభంలోంచి ఇచ్చే దారి కూడా ఇక్కడే ఉంది. రుమైథియాలో అందరం సరుకులు కొనే జమియ్యా అంటే సహకార సంఘం. కౌంటరు దగ్గర అక్కడా ఒక ప్రశ్న అడుగుతారు: "బాక్స్ నంబరు?" అది కువైటీ సభ్యుల నంబరు. వాళ్ళు ఎంత కొన్నారో దాన్ని బట్టి ఏడాది చివర లాభంలో వాటా వస్తుంది. లాభంలో ఇంకో భాగం ఆ ప్రాంతంలో సామాజిక పనులకు వెళ్తుంది. మనకు బాక్స్ నంబరు లేదు, ఆ వాటా రాదు. అయినా ఆ పద్ధతి నాకు సరైనదనిపిస్తుంది. ముందు లాభం, తర్వాత దానం. కొనడానికి వచ్చినవాళ్ళ ముఖం చూసి అడగడం లేదు.

అందుకని దుకాణాలకు నేను చెప్పేది ఇది. విరాళం యంత్రం తలుపు పక్కన పెట్టండి. డబ్బు ఏ సంస్థకు వెళ్తుందో దాని మీద రాయండి. అరబ్బీ, ఇంగ్లీషుతో పాటు అక్కడ కొనేవాళ్ళు చదివే భాషల్లో రాయండి, తెలుగులో కూడా. క్యాషియర్‌తో అడిగించకండి. రోజంతా నిలబడే ఆ అబ్బాయికి కూడా ఆ ప్రశ్న అడగడం ఇష్టమని నేను అనుకోను.

మనలాంటి నేర్చుకునేవాళ్ళకు ఒక వాక్యం. మర్యాదగా కాదనడం ఏ భాషలోనైనా ఆలస్యంగా వస్తుంది. నాకు తెలుగులో ఇంకా పూర్తిగా రాలేదు. ఇది గట్టిగా నాలుగుసార్లు పలకండి: "ఇప్పుడు వద్దండి, నేను వేరేగా ఇస్తాను." రెండో సగం అబద్ధం కాకుండా చూసుకోవడం మన పని.

ఆ సాయంత్రం నేను వేరేగా ఇచ్చాను. 130 ఫిల్స్ కంటే కొంచెం ఎక్కువే. ఎంతో మాత్రం ఇక్కడ రాయను.