టోక్యో తోటలు, మా కాలనీ ఖాళీ జాగా

మా పెద్దమ్మాయి కంది ఐఐటీలో చదువుకుంది. ఆ క్యాంపస్ కట్టడంలో జపాన్ సాయం ఉంది కాబట్టి అక్కడి పిల్లలకు జపాన్ దారి కాస్త దగ్గరే. అలా తను టోక్యోలో ఉద్యోగంలో చేరింది. మొన్న ఏప్రిల్‌లో "అమ్మా, నువ్వొక్కదానివే రా" అంటూ టికెట్ పంపింది. "మరి మీ నాన్నకు వంటెవరు చేస్తారే?" అన్నాను. "పది రోజులు నాన్నే చేసుకుంటాడులే" అంది. ఈయన చేసుకున్నారు కూడా!

మొదటి రెండు రోజులూ అందరూ చూసేవే చూశాం. 634 మీటర్ల స్కైట్రీ, సెన్సోజీ గుడి ముందు పెద్ద ఎర్రలాంతరు, షిబుయా కూడలి. ఫోటోలు బోలెడు, కాళ్ల నొప్పులు అంతకన్నా బోలెడు. మూడో రోజు "ఎక్కడైనా కాసేపు కూర్చోబెట్టవే" అంటే, నన్ను షింజుకు గ్యోయెన్ తోటలో దింపి తను ఆఫీసుకెళ్లింది. టికెట్ 500 యెన్లు. ఒకప్పుడు రాజకుటుంబానిదట, 1949లో జనానికి తెరిచారు.

చెర్రీ చెట్ల కింద నా వయసు ఆడవాళ్లు ఒంటరిగా గుడ్డ పరుచుకుని డబ్బా తింటున్నారు. ఎవరితో వచ్చావని అడిగేవాళ్లు లేరు. నేనూ కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో ఏ పనీ లేకుండా ఆరుబయట గంటసేపు కూర్చోవడం నాకిదే మొదటిసారి. గుడికో, మార్కెట్‌కో, ఆసుపత్రికో, ఫంక్షన్‌కో తప్ప మనం బయటికి వెళ్లేదెప్పుడు?

ఆదివారం మెయిజీ జింగూకు వెళ్లాం. చుట్టూ ఉన్నది పాతకాలపు అడవే అనుకున్నాను. కాదట. 1920లో ఆ గుడి వెలిసినప్పుడు, దేశం నలుమూలల నుంచి జనం ఇచ్చిన లక్ష దాకా మొక్కలతో నాటిన అడవి అది. దారిలో రాలిన ఆకుల్ని ఊడ్చి మళ్లీ చెట్ల మొదట్లోకే తోస్తారు. మనం పొద్దున్నే ఊడ్చి అగ్గి పెడతాం.

తిరిగొచ్చాక మా పటాన్‌చెరు కొత్తగా కనిపించింది. మా కాలనీ మ్యాపులో పార్కు అని రాసున్న చోట చెత్త, ఇసుక కుప్పలు, ఆగిన లారీ. మగవాళ్లకు సాయంత్రం టీ కొట్టుంది. మనకు గేటు ముందు మెట్టు. "ఫ్యాక్టరీల ఏరియాలో తోటలేంటి?" అని నవ్వుతారు. ఇక్కడి కాలుష్యం మీద కేసు 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చెట్లు ఇక్కడ కాక ఇంకెక్కడ కావాలి? చెట్లు పెట్టినంత మాత్రాన వాగులు బాగుపడవు, నిజమే. కానీ నీడలో కూర్చున్నవాళ్లే కదా నాలుగు మాటలు కలిపి, వాగు గురించి అడిగేది!

టోక్యోకు డబ్బుంది, మనకెక్కడిది అంటారేమో. ఆ అడవికి మొక్కలిచ్చింది మామూలు జనమే. మనకు కావాల్సిందీ పెద్దదేం కాదు. నాలుగు బెంచీలు, రెండు లైట్లు, ఒక శుభ్రమైన టాయిలెట్, కొన్ని వేపలు, కానుగలు. మా వీధిలో ఎనిమిదిమందిమి సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. నీళ్లు పోసే వంతులు కూడా ముందే రాసుకున్నాం. సోమవారం నాది.

మీ కాలనీ మ్యాపులో పార్కు ఎక్కడుందో మీరూ ఓసారి చూడండి. ఆ జాగాలో ఇప్పుడేముందో కూడా చూడండి.