గృహిణీ గణితము: ఏటి కావలి పన్ను

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టునుండి ఉత్తరాదికి కాయలు మోయు లారీ కిరాయి తుదకు కాయ వెలయందే చేరును. కిరాయిలో డీజిలు ఖర్చును, డీజిలులో పన్నును దాగియుండును. సంసారపు పద్దు వ్రాసికొను సోదరీమణులు కొందఱు, పన్ను అనునది దొరతనమువారికిని వర్తకులకును నడుమనుండు వ్యవహారమని తలంచుట కద్దు. అది మన వంటయింటి డబ్బాలలోనే కాపురముండునని మేము మనవి చేయుచున్నాము.

ఎదుర్లంకవద్ద బాలయోగి వారధి దాటినచో యానాము. నీరొకటే, భాష యొకటే. పన్ను మాత్రము వేఱు. 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలోనుండిన ఆ యూరు నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున చేరియున్నది. 2024లో అచట లీటరు పెట్రోలు మనకన్న పది రూపాయలకు పైగా చవుక. ఏటి కావలి శాసనమును వాడుకొనుట మనవారికి క్రొత్త గాదు. 1930లో శారదా చట్టము అమలునకు రాగా, అది చెల్లని యానామునకు పసిపిల్లలను గొనిపోయి పెండ్లిండ్లు జరిపిన పెద్దలు పెక్కురు!

2017 జూలై 1వ తేదీనుండి జి.ఎస్.టి. వచ్చి పెక్కు వస్తువులపై దేశమంతటను ఒకే పన్ను చేసెను. పెట్రోలు, డీజిలు, మద్యము మాత్రము రాష్ట్రముల చేతనే మిగిలినవి. 2024లో పెట్రోలుపై తెలంగాణమున నూటికి 35 రూపాయల 20 పైసలు. మన రాష్ట్రమున నూటికి 31. మనదే తక్కువ యని సంతసింపవలదు. మనకు లీటరునకు మఱి 4 రూపాయలును, రహదారి సుంకము 1 రూపాయయు అదనముగా కలవు. పన్నుకు ముందు ధర 80 రూపాయలనుకొన్నచో తెలంగాణమువారికి పడునది 28 రూపాయల 16 పైసలు, మనకు 29 రూపాయల 80 పైసలు. రేటు తక్కువ, బరువు ఎక్కువ! కారు గల శ్రీమంతుడును, చేపలగంపతో ఆటో నెక్కు పేదరాలును ఈ బరువును ఒకే లెక్కను మోయవలసినదే. మాకు న్యాయముగా తోచనిది ఇదియే.

కొబ్బరినూనె కథ వేఱు. దానికి రాష్ట్రపు సరిహద్దుతో పనిలేదు, సీసాపై చీటితో పని. వంటనూనెయైన నూటికి 5, తలనూనెయైన 18. చిన్న సీసాలోనున్నను, తలనూనె యని చీటి లేనిచో స్వచ్ఛమైన కొబ్బరినూనె వంటనూనెయే యని సుప్రీము కోర్టు 2024 డిసెంబరులో తీర్పు చెప్పినది. 2025 సెప్టెంబరు 22 నుండి తలనూనెకును 5 వంతే యగుటచే ఆ తగవు చాలవఱకు తీఱినది.

ఇక స్త్రీలకు ముఖ్యమైన దొకటి. ఇల్లు కొన్నపుడు ఢిల్లీలో పురుషుని పేరనైన నూటికి 6, స్త్రీ పేరనైన 4 స్టాంపు సుంకము. 20 లక్షల యింటికి 40 వేలు మిగులును. మహారాష్ట్రమున 2021 నుండి స్త్రీలకు నూటికి ఒకటి తగ్గింపు. మన రాష్ట్రమున 2024లో స్టాంపు 5, బదిలీ సుంకము ఒకటిన్నర, రిజిస్ట్రేషను 1, వెరసి ఏడున్నర. దస్తావేజు భర్త పేరనున్నను భార్య పేరనున్నను ఒకటే. ఇల్లాలి పేర వ్రాయింపుడని చెప్పుటకు ఢిల్లీ సోదరికి 40 వేల కారణము కలదు. మన సోదరి ఆ మాటను వట్టి చేతులతోనే అడుగవలసియున్నది.