సేదదీరడం సోమరితనం కాదు

సౌలు రాజుకు మనశ్శాంతి కరువైనప్పుడు సేవకులు వెదికి తెచ్చింది వైద్యుణ్ణి కాదు, వాద్యకారుణ్ణి! బేత్లెహేముకు చెందిన దావీదు అనే గొర్రెల కాపరి సితారా వాయిస్తుంటే రాజు మనసు కుదుటపడేదని సమూయేలు మొదటి గ్రంథం 16వ అధ్యాయం చెబుతోంది. అయినా కూర్చుని కాసేపు సంగీతం వినడాన్ని మనలో చాలామంది కాలం వృథా చేయడంగానే చూస్తారు. దేవుని పని అంటే నిత్యం పరుగులు తీయడమేనని నమ్ముతారు.

కొన్నేళ్ల క్రితం మేమూ అలాగే నమ్మాం. ఆదివారం మూడు ఆరాధనలు, వారమంతా గృహకూడికలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు, అర్ధరాత్రి దాకా మోగే ఫోను. పడుకుంటే నిద్ర పట్టేది కాదు. ఒక సాయంత్రం సంఘంలోని వృద్ధురాలొకరు ప్రార్థన కోసం వస్తే, గుమ్మంలోనే నిలబెట్టి విసుక్కున్నాం. ఆమె నొచ్చుకోలేదు. ‘అలిసిపోయారు అయ్యగారూ, కాసేపు పడుకోండి’ అని మెల్లగా వెళ్లిపోయింది. ప్రేమించాల్సిన కాపరి కసురుకున్నాడు, ఆదరణ కోసం వచ్చిన గొర్రె కాపరినే ఆదరించి వెళ్లింది! ఆ రాత్రి మా పరిచర్య ఎక్కడ దారి తప్పిందో మాకర్థమైంది.

సెమినరీలో చదువుకున్న ఆల్బర్ట్ ష్వైట్జర్ (1875–1965) జీవితం అప్పుడు గుర్తుకొచ్చింది. ఆల్సాస్ ప్రాంతంలోని గున్స్‌బాక్ అనే పల్లెలో పాస్టరుగారి కుమారుడాయన. విద్యార్థిగా ఉన్నప్పుడు తోటిపిల్లలకు లెక్కలు చెప్పి సంపాదించిన డబ్బుతో పాత సైకిలు కొనుక్కున్నాడు. పాస్టరు కొడుకు సైకిలెక్కడం మర్యాద కాదని కొందరు గొణిగినా తండ్రి పట్టించుకోలేదు. వేదాంతం చదివి, ఆర్గన్ వాద్యంలో ఆరితేరి, 1905లో బాఖ్ సంగీతంపై గ్రంథం వెలువరించాడు. తర్వాత వైద్యం చదివి 1913లో ఆఫ్రికాలోని లాంబరేనేకు వెళ్లాడు. అది నేటి గాబన్ దేశంలో ఉంది. వెళ్లేటప్పుడు పారిస్ బాఖ్ సొసైటీ ఆయనకు ఆర్గన్‌కున్నట్టే కాలిమీటలున్న పియానోను కానుకగా ఇచ్చింది. పగలంతా రోగుల సేవ, పని ముగిశాక బాఖ్ సంగీతం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లోని నిర్బంధ శిబిరంలో వాద్యం లేకపోతే, బల్లమీద వేళ్లు, నేలమీద పాదాలు కదుపుతూ సాధన చేశాడు!

ష్వైట్జర్ వేదాంతంతో మనం అన్నింటా ఏకీభవించలేం. ఆఫ్రికా ప్రజల పట్ల ఆయన చూపిన పెద్దరికపు ధోరణిపై వచ్చిన విమర్శలూ నిజమే. అయితే సేవ చేసే మనిషికి సేదదీరే చోటు కూడా కావాలన్న పాఠాన్ని ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. ఆయన ఇష్టపడిన బాఖ్ తన ఎన్నో రచనల చివర ‘ఎస్.డి.జి.’ అని రాసుకునేవాడు. ‘మహిమ దేవునికే’ అని ఆ లాటిన్ అక్షరాల భావం.

శాస్త్రీయ సంగీతం మనకు పరాయిది కాదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తనలపైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటి భక్తులు మనకు వదిలివెళ్లిన ఆస్తి అది. పాడుతూ కూడా ఆ పేర్లను మనం గమనించం. ఇప్పుడు రోజూ రాత్రి ఫోను పక్కగదిలో పెట్టి, అరగంటసేపు వీణో వయొలినో వింటున్నాం. రాగం తొందరపడదు. దానితోపాటు మన ఊపిరీ నెమ్మదిస్తుంది.

మూలపడిన సైకిలుకు కొత్త ట్యూబులు వేయించి, తెల్లవారుజామున కాలువ గట్టు వెంట తొక్కడం కూడా మొదలుపెట్టాం. ఒకప్పుడు మన పల్లె పాస్టర్లు సైకిలు మీదే ఊరూరా తిరిగారు. కారులో వెళ్తే ఊళ్లు కనిపిస్తాయి, సైకిలు మీద మనుషులు కనిపిస్తారు. పలకరిస్తే ఆగడానికి కాలు కింద పెడితే చాలు. అలా ఒక ఉదయం ఆ వృద్ధురాలి ఇంటిముందు ఆగాం. క్షమించమని అడిగాం. ఆమె నవ్వి, అరుగుమీద కూర్చోబెట్టి, టీ ఇచ్చింది. ఆరోజు ప్రార్థన ఆమే చేసింది.

అయితే ఒక హెచ్చరిక! అదే సౌలు, అదే దావీదు వాయిస్తుండగానే ఈటె విసిరినట్లు 18వ అధ్యాయంలో చూస్తాం. అసూయను వదలని గుండెను ఏ రాగమూ బాగుచేయలేదు. సంగీతం, సైకిలు మన మనసును నిమ్మళింపజేసి వాకిలి దాకా తీసుకెళ్తాయి. లోపలికి వెళ్లి దేవుని ముందు గుండె విప్పాల్సింది మనమే. తినడానికి కూడా తీరిక లేని శిష్యుల్ని యేసుప్రభువు ఏకాంతానికి పిలిచి విశ్రమించమన్నాడు. ఆ పిలుపు కూడా ఆజ్ఞే. ఈ వారం ఒక్క అరగంటైనా దానికి లోబడదామా?