చేతికి పని ఉంది, పనికి కాగితం లేదు

పాతబస్తీలో ఇప్పుడు ఏ గల్లీలోకి వెళ్లినా 'పీఆర్' అన్న మాట వినబడుతోంది. ఒక తరం క్రితం ఇవే గల్లీలలో 'వీసా' అన్న మాట వినబడేది. నాడు వీసా అంటే జిద్దా, రియాద్, దుబాయి, కువైట్. నేడు పీఆర్ అంటే కెనడా, ఆస్ట్రేలియా. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న తేడాను గ్రహించకుండా బయలుదేరితే, మన యువకులు గల్ఫ్‌లో పోగొట్టుకున్నదానినే మరోసారి పోగొట్టుకుంటారు. ఆ తేడాను విడమరచి చెప్పవలసిన ప్రభుత్వమూ, సమాజ పెద్దలూ మౌనంగా ఉన్నారు. ఆ మౌనాన్ని దళారులు సొమ్ము చేసుకుంటున్నారు.

గల్ఫ్ ఇచ్చినది, ఇవ్వనిది

1970ల చమురు సంపదతో గల్ఫ్ ద్వారాలు తెరుచుకున్నప్పటి నుంచి బార్కస్, చంద్రాయణగుట్ట, యాకుత్‌పురా, తలాబ్‌కట్ట ప్రాంతాల నుంచి ఎందరో ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్‌లు, వడ్రంగులు, డ్రైవర్లు అక్కడికి వెళ్లారు. వారు పంపిన రియాళ్లతో ఇళ్లు లేచాయి, ఆడపిల్లల నికాహ్‌లు జరిగాయి, పిల్లలు ఇంగ్లీషు బడులకు వెళ్లారు. ఈ మేలును కాదనడం కృతఘ్నత.

అయితే ఆ దేశాలు మనవారికి జీతం ఇచ్చాయి గాని హక్కు ఇవ్వలేదు. ఇరవై ఏళ్లు ఒకే ఊరిలో పనిచేసినా, ఇఖామా గడువు తీరితే కఫీల్ దయ మీదే బతుకు. సౌదీ అరేబియా 2017 జూలై నుంచి విదేశీ కార్మికుని మీద ఆధారపడిన ప్రతి కుటుంబ సభ్యునికీ నెలకు 100 రియాళ్ల రుసుము విధించి, ఏటేటా పెంచుతూ 2020 నాటికి దానిని 400 రియాళ్లకు చేర్చింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న వ్యక్తికి అది నెలకు 1,600 రియాళ్లు. ఎన్నో కుటుంబాలు సామాను సర్దుకొని తిరిగి వచ్చేశాయి. 2019లో అదే దేశం శాశ్వత నివాసానికి ఒక పథకం ప్రకటించింది. దాని వెల 8 లక్షల రియాళ్లు. అది మన మెకానిక్ కోసం పెట్టిన పథకం కాదని వేరే చెప్పనక్కరలేదు.

శాశ్వత నివాసం ఇందుకు భిన్నమైనది. అది వచ్చినవాడు యజమానిని మార్చవచ్చు, పిల్లలను అక్కడి ప్రభుత్వ బడికి పంపవచ్చు, కొన్నేళ్ల తరువాత పౌరసత్వం అడగవచ్చు. అందుకే దానిని కోరడం దురాశ కాదు. కానీ దానిని ఇచ్చే పద్ధతి ఏమిటో తెలియకుండా కోరడం వృథా.

మార్కుల లెక్క

కెనడా 1967లోనే మార్కుల పద్ధతిని ప్రవేశపెట్టింది. జాతి, మతం చూడకుండా చదువు, భాష, అనుభవం, వయస్సులను బట్టి మనిషిని ఎంచుకుంటామని దాని సారాంశం. నేటి నిపుణ కార్మికుల పథకంలో 100కు 67 మార్కులు రావాలి. ఇంటర్మీడియెట్ స్థాయి చదువుకు 5 మార్కులే. ఆపైన ఏడాది కోర్సు చేసినట్లు అక్కడి మదింపు సంస్థ గుర్తిస్తే 15, రెండేళ్ల కోర్సుకు 19, డిగ్రీకి 21. ఆరేళ్లకు మించిన అనుభవానికి 15. 18 నుంచి 35 ఏళ్ల వారికి వయస్సు కింద 12, ఆ పైన ఏడాదికి ఒకటి చొప్పున తగ్గి 47 ఏళ్లకు సున్నా. మొదటి భాషకు గరిష్ఠంగా 24.

ఇంటర్‌తో ఆగిన ఒక మంచి ఎలక్ట్రీషియన్‌ను ఊహించండి. ఇంగ్లీషులో పూర్తి మార్కులు తెచ్చుకున్నా, వయస్సు, అనుభవం రెండూ నిండుగా ఉన్నా, అతని మొత్తం 56. అదే మనిషి పద్దెనిమిదో ఏట రెండేళ్లు గుర్తింపు పొందిన కోర్సు చేసి ఉంటే 70. రెండు సందర్భాలలోనూ ఆ చేతుల నేర్పు ఒక్కటే. గట్టెక్కించేది ఆ రెండేళ్ల కాగితం.

67 దాటినంత మాత్రాన పని కాదు. 2015 జనవరి నుంచి అమలులో ఉన్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 1,200 మార్కుల మరో పోటీ ఉంది. అందులో 20 నుంచి 29 ఏళ్ల ఒంటరి అభ్యర్థికి వయస్సు కింద 110 మార్కులు వస్తాయి. 40 ఏళ్ల వానికి 50, 45కు సున్నా. 'ముందు గల్ఫ్‌లో పదిహేనేళ్లు సంపాదించి, తరువాత కెనడా చూద్దాం' అనుకునేవాడు తెలియకుండానే తన మార్కులను ఏటా అమ్ముకుంటున్నాడు.

'ఆమిల్' అన్న ఒక్క మాట

అనుభవానికి మార్కులు ఉన్నాయి కదా, గల్ఫ్‌లో పదేళ్లు చేసిన పని లెక్కకు రాదా అని అడుగుతారు. రావాలంటే కంపెనీ లెటర్‌హెడ్ మీద హోదా, చేసిన పనులు, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నవి రాసి ఉండాలి. మనవారి ఇఖామాలో వృత్తి ఎదుట 'ఆమిల్', అంటే కూలి, అని ఉంటుంది. చేసినది ఏసీ మెకానిక్ పని, రాసినది కూలి. ఇక 'ఆజాద్ వీసా' మీద వెళ్లినవాడు కాగితం మీద ఒక కఫీల్ మనిషి, పని చేసినది మరొకరి దగ్గర. అతనికి లేఖ ఇచ్చేవారు ఎవరు? పైగా కెనడా గత పదేళ్లలోని అనుభవాన్నే లెక్కిస్తుంది. ఆస్ట్రేలియాలో చేతిపనివారి నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తించే ఏర్పాటు ఉంది. అక్కడా జీతం తీసుకొని ఆ పని చేసినట్లు రుజువు చూపాలి.

పేర్ల సంగతి మరో కథ. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా దస్త్రాల మధ్యే ఉద్యోగకాలం గడిపిన నాకు ఇది బాగా తెలుసు. ఒకే మనిషి పదో తరగతి మెమోలో 'మహమ్మద్', ఆధార్‌లో 'మొహద్', పాస్‌పోర్టులో 'ఎండీ'. తండ్రి పేరు ఒకచోట ముందు, మరొకచోట అసలు లేదు. మన దృష్టిలో ఇవన్నీ ఒకటే పేరు. విదేశీ అధికారి దృష్టిలో ముగ్గురు మనుషులు. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే పదం పేరుగా ఉన్న సందర్శకులకు ప్రవేశం నిరాకరించినప్పుడైనా మనం మేలుకోవలసింది.

దళారుల వ్యాపారం

ఈ లోటులోనే దళారి దుకాణం తెరిచాడు. 'గ్యారంటీ పీఆర్' అని బోర్డు పెడతాడు. అనుభవ పత్రం లేదా? తయారు చేయిస్తానంటాడు. ఉద్యోగ ప్రతిపాదన లేదా? కొనిపెడతానంటాడు. తల్లి నగలు తాకట్టు పెట్టి డబ్బు కట్టిన కుర్రవానికి అతడు చెప్పని సంగతి ఒకటి ఉంది: తప్పుడు పత్రం పట్టుబడితే కెనడా చట్టం ప్రకారం ఐదేళ్ల నిషేధం. ఆ ఐదేళ్లలో అతని వయస్సు మార్కులు కరిగిపోతాయి. దళారికి మాత్రం ఏ నష్టమూ లేదు.

తెలుసుకోవలసిన నియమం సులువైనదే. రుసుము తీసుకొని కెనడా వలస దరఖాస్తు నడిపే సలహాదారుకు ఆ దేశపు నియంత్రణ సంస్థ లైసెన్సు ఉండాలి. ఆ జాబితా అందరికీ అందుబాటులో ఉంది. అందులో పేరు లేనివానికి ఒక్క రూపాయి ఇవ్వనక్కరలేదు. దరఖాస్తును ఎవరికి వారు సొంతంగా పెట్టుకోవచ్చు కూడా. ఈ రెండు మాటలు జుమా నమాజు తరువాత మసీదు బయట చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు.

వెళ్లమని చెప్పడం సబబేనా?

'ఉన్న కొద్దిమంది చదువుకున్నవారినీ బయటికి పంపితే ఇక్కడ మిగిలేదెవరు?' అని కొందరు పెద్దలు ఆక్షేపిస్తారు. ఆక్షేపణ తేలికైనది కాదు. కానీ వెళ్లేవారు మన అనుమతి కోసం ఆగడం లేదు. యాభై ఏళ్లుగా వెళ్తూనే ఉన్నారు. ఆమిల్‌గా వెళ్లాలా, నిపుణుడిగా వెళ్లాలా అన్నదే మన ముందున్న ప్రశ్న. పైగా పీఆర్ కోసం సంపాదించే ప్రతి కాగితం ఇక్కడ కూడా చెల్లుతుంది. సర్టిఫికెట్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కు హైదరాబాదులోనూ కంపెనీ ఉద్యోగం దొరుకుతుంది. లేనివాడు రోజుకూలీగానే మిగులుతాడు. ద్వారం కూడా ఇరుకవుతోంది. కెనడా 2024 అక్టోబరులో తన లక్ష్యాలను తగ్గించి, 2025కు శాశ్వత నివాసుల సంఖ్యను 3,95,000కు పరిమితం చేసింది. వెళ్లలేకపోయినవారికి కూడా ఉపయోగపడే సన్నాహమే అసలైన సన్నాహం.

మనం అడగవలసినవి

తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుకు 20 లక్షల రూపాయల దాకా ఉపకారవేతనం ఇస్తోంది. మంచిదే. కానీ అది డిగ్రీ పూర్తిచేసినవారికి. పదితో, ఇంటర్‌తో ఆగిపోయి రెంచీ పట్టుకున్న కుర్రవానికి భాషా పరీక్ష రుసుము, నైపుణ్య మదింపు రుసుము ఇచ్చే పద్దు ఏది? విదేశీ ఉద్యోగాల కోసం ప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది. దాని కౌంటరు ఒకటి పాతబస్తీ నడిబొడ్డున ఎందుకు ఉండకూడదు? పని తెలిసి సర్టిఫికెట్ లేనివారిని పరీక్షించి గుర్తించే ఆర్‌పీఎల్ విధానం కేంద్ర నైపుణ్య పథకంలోనే ఉంది. ఆ శిబిరాలను మన మెకానిక్ షెడ్ల దగ్గరికి తెమ్మని మన ప్రజాప్రతినిధులు సభలో ఎందుకు నిలదీయరు? ఇవి దయాభిక్షలు కావు, పన్ను కట్టే పౌరుల హక్కులు.

సమాజం చేయవలసినవీ ఉన్నాయి. ప్రతి మసీదు కమిటీ ఏడాదికి ఒకసారి పేర్లు, పుట్టిన తేదీల సవరణ శిబిరం పెట్టాలి. షాదీఖానాలు పగలు ఖాళీగానే ఉంటాయి కనుక అక్కడ ఇంగ్లీషు తరగతులు నడపాలి. గల్ఫ్‌లో ఉన్న ప్రతి కొడుకుకూ, తమ్మునికీ ఇంటి నుంచి ఒక మాట వెళ్లాలి: ఇఖామాలో వృత్తి సరిచేయించుకో, కంపెనీ వదిలే ముందు అనుభవ లేఖ చేతబట్టుకో.

చివరిగా మన ఇళ్లలోని ఆడపిల్లల సంగతి. నేడు పాతబస్తీ ఇళ్లలో అన్నకన్నా చెల్లెలు ఎక్కువ చదివిన సందర్భాలు కోకొల్లలు. దంపతులలో ఎవరు ప్రధాన దరఖాస్తుదారుగా ఉండాలన్నది కెనడా దంపతుల ఇష్టానికే వదిలింది. బీఫార్మసీ చదివిన భార్య పేరుతో దరఖాస్తు పెడితే గట్టెక్కగల కుటుంబం, మగవాని పేరే పైన ఉండాలన్న పట్టుదలతో తిరస్కృతి తెచ్చుకోవడం ఏ షరీఅత్ కోరినదీ కాదు, ఏ లెక్కకూ అందేదీ కాదు. ఆమె డిగ్రీని పెట్టెలో పెట్టి తాళం వేసిన ఇంటివారు ముందు ఆ తాళం తీయాలి. ఆ తరువాతే ప్రభుత్వాన్ని అడగడానికి మన గొంతుకు బలం వస్తుంది.